"మీ ముఖం చూస్తే చాలు, మా రోజు ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది"

ఈ పాఠకురాలు చేతిరాతతో పద్నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెను గానీ, ఆమె సంస్థను గానీ గుర్తుపట్టగల వివరాలన్నీ తీసివేసి, ఆమె అనుమతితో సారాంశం మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు నలభై ఆరేళ్లు. కుటుంబ హింస, లైంగిక హింస నుంచి బయటపడిన స్త్రీలు మానసికంగా కోలుకోవడానికి తోడ్పడే ఒక చిన్న సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నారు. గత ఆరేళ్లుగా ఆ సంస్థ బాధ్యత ఆమెదే. ఆమె కింద తొమ్మిది మంది కౌన్సెలర్లు ఉండేవారు. అందరూ ఆమెను "అక్కా" అనే పిలుస్తారు. ఎనిమిది నెలల క్రితం, నాలుగు నెలలుగా వారి దగ్గరికి వస్తున్న ఒక యువతి పిల్లల సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి పాత ఇంటికి వెళ్లి, తాను విడిచివచ్చిన భర్త చేతిలో హత్యకు గురైంది. వెళ్లాలన్న నిర్ణయం ఆ యువతిదే. అయితే ముందురోజు ఆమె కౌన్సెలర్ ఫోన్ చేసి "ఏం చెప్పమంటారక్కా?" అని అడిగినప్పుడు, "తన నిర్ణయాన్ని గౌరవించు" అని చెప్పింది ఈ పాఠకురాలే.

అప్పటి నుంచి ప్రమాదకరంగా కనిపించే ప్రతి కేసునూ ఆమే స్వయంగా చూస్తున్నారు. రాత్రి ఫోన్ తలగడ కింద ఉంటుంది. అందరి కేసు నోట్సూ అర్ధరాత్రి వరకు చదివి, ఎర్ర సిరాతో వ్యాఖ్యలు రాస్తున్నారు. ఆమెను అడగకుండా ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. హత్య జరిగిన వారంలోనే పాలకవర్గం ఒకరోజు సమావేశం పెట్టి, అందరినీ వరుసగా కూర్చోబెట్టి మనసులో మాట చెప్పించి, అంతటితో ఆ విషయం ముగిసినట్టు భావించింది. ఏడాదిలో ముగ్గురు ఉద్యోగం వదిలి వెళ్లారు. చివరగా వెళ్లిన, రెండేళ్ల అనుభవం ఉన్న అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, పొద్దున మీ ముఖం చూస్తే చాలు, మా రోజు ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది" అంది. "మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు తమ ఇంటి గురించి చెప్పే మాట ఇది. పొల్లుపోకుండా ఇదే మాట," అని పాఠకురాలు రాశారు.

ఆమె కూడా మొదటి వివాహంలో ఆరేళ్లు హింస అనుభవించారు. ఈ సంగతి సంస్థలో ఎవరికీ తెలియదు. హత్య తర్వాత పాత కలలు తిరిగి వస్తున్నాయి. ఆమె ప్రశ్నలు నాలుగు. నేను తప్పుకోవాలా? నా గతాన్ని సిబ్బందికి చెప్పాలా? నెలరోజులు కొత్తవారిని చేర్చుకోవడం ఆపుదామని నా డిప్యూటీ పట్టుబడుతోంది, ఒప్పుకోవాలా? వెళ్లిపోయిన ఆ అమ్మాయికి ఫోన్ చేయాలా?

సమాధానం:

మీరు అడిగిన నాలుగు ప్రశ్నలకంటే ముందు, పదకొండో పేజీలో రెండు పేరాల మధ్య ఇరికించినట్టు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగుతాను. "ఒక్కోరోజు పొద్దున లేవకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది" అని రాసి, వెంటనే జీతాల బడ్జెట్ సంగతిలోకి వెళ్లిపోయారు. మీ ఎదుట కూర్చున్న స్త్రీ ఈ మాట అని బడ్జెట్ గురించి మాట్లాడితే మీరు ఊరుకోరు. అందుకే నేనూ అడుగుతున్నాను. అది విశ్రాంతి కోసం తపించడమా, లేక చనిపోవాలన్న ఆలోచనా? ఎలా, ఎప్పుడు అన్నంత వరకు వెళ్లిందా? వెళ్లి ఉంటే ఈ జవాబులో మిగిలిందంతా పక్కన పెట్టి, ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆత్మహత్య నివారణ సహాయవాణికి ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లేందుకు వారిని తోడు రమ్మనండి. అంత దూరం వెళ్లకపోయినా, ఈ వారంలో ఒక మానసిక వైద్యులను కలవడం అవసరమని నా అభిప్రాయం. వైద్యులను మీ సంస్థతో లావాదేవీలు లేని వారిని ఎంచుకోండి. మీరు కేసులు పంపే వైద్యుల దగ్గరికే వెళితే, అక్కడ కూడా మీరు సంస్థ అధిపతిగానే కూర్చుంటారు.

నేను ఉత్తరం చదివి రోగ నిర్ధారణ చేయలేను, చేయకూడదు కూడా. కానీ ఎనిమిది నెలలుగా నిద్ర లేకపోవడం, హత్య జరిగిన ఆ ఇల్లున్న వీధివైపు వెళ్లలేకపోవడం, ఫోన్ మోగితే చేతులు చల్లబడిపోవడం, ఇవన్నీ కలిపి మీరు "అలసట" అని రాశారు. ఆ పేరు వీటికి సరిపోదు. పీటీఎస్‌డీ (దారుణమైన అనుభవం తర్వాత మనసును వదలని ఒత్తిడి రుగ్మత) అన్న నిర్ధారణ 1980లో అధికారికంగా మొదలైనప్పుడు యుద్ధాలు, అత్యాచారాలు, విపత్తుల వంటివి స్వయంగా అనుభవించినవారే ప్రధానంగా దృష్టిలో ఉన్నారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు, వృత్తిలో భాగంగా దారుణమైన వివరాలకు పదేపదే లోనుకావడం కూడా అందుకు కారణం కాగలదని స్పష్టంగా చేర్చింది. మీ విషయంలో రెండు దారులూ ఉన్నాయి. ఆరేళ్లు మీరు స్వయంగా అనుభవించినది ఒకటి, పదకొండేళ్లుగా వింటున్నది మరొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే ఈ స్థితికి ట్రామా (తీవ్రమైన మానసిక గాయం) మీద దృష్టిపెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని (ఆలోచనలనూ ప్రవర్తననూ సరిదిద్దుకునే సంభాషణ చికిత్స), ఈఎండీఆర్‌ను (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాలను తిరిగి ఎదుర్కొనే చికిత్స) సూచించింది. మీ దగ్గరికి వచ్చేవారికి ఇవే చికిత్సలు మీరు ఎన్నోసార్లు వివరించి ఉంటారు. పాలకవర్గం పెట్టిన ఒకరోజు సమావేశం వాటికి ప్రత్యామ్నాయం కాదు. సంఘటన జరిగిన వెంటనే అందరిచేతా ఒకే విడతలో భావాలు చెప్పించడం పీటీఎస్‌డీని నివారించదని పరిశోధనల సమీక్షలు 2000ల ప్రారంభంలోనే తేల్చాయి. వద్దనుకున్నవారిచేత బలవంతంగా మాట్లాడించడమైతే హాని కూడా చేయవచ్చు.

ఇక ఆ యువతి మరణం. ఈ విషయంలో రెండు వేర్వేరు ప్రశ్నలను మీరు ఒక్కటిగా ముడివేసుకున్నారని నాకు అనిపిస్తోంది. ఆమెను ఎవరు చంపారన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు ఉంది, అందులో మీకు వాటా లేదు. మన పద్ధతుల్లో ఏ లోపం ఉందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మీకు ఇంకా తెలియదు, ఎందుకంటే ఎవరూ దాన్ని సక్రమంగా అడగలేదు. ఈ రంగంలో పనిచేసేవారికి తెలిసిన సంగతే, నియంత్రించే భర్తను విడిచివచ్చిన తర్వాతి కాలం అత్యంత ప్రమాదకరమైనది. అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 2003లో ప్రచురించిన, అమెరికాలోని పదకొండు నగరాల్లో జరిగిన అధ్యయనం విడిపోవడాన్నీ, అంతకుముందు ఆయుధంతో బెదిరించడాన్నీ హత్యకు దారితీసే ముఖ్యమైన ప్రమాద సూచికల్లో చూపింది. కాబట్టి "తన నిర్ణయాన్ని గౌరవించు" అన్న మీ మాట తప్పు కాదు, కానీ అది సగం మాట. వెళ్లవద్దని ఆజ్ఞాపించడం మీ పని కాదు. అయితే ఏ వేళకు వెళుతోంది, ఎవరి తోడుతో వెళుతోంది, పోలీసుల రక్షణ అడగవచ్చా, ఆ సర్టిఫికెట్ల నకళ్లు పాఠశాల నుంచే తెప్పించుకోవచ్చా అని ఆమెతో కూర్చుని ఆలోచించడం కూడా ఆ గౌరవంలో భాగమే. ఆ మిగతా సగం గురించిన సంభాషణ ఆ రోజు కౌన్సెలర్‌కూ ఆ యువతికీ మధ్య జరిగిందో లేదో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీకు కూడా కచ్చితంగా తెలియదేమో.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2011 నుంచి కుటుంబ హింస వల్ల జరిగిన ప్రతి హత్యపైనా వివిధ సంస్థలు కలిసి సమీక్ష జరపడం చట్టపరమైన బాధ్యత అయింది. నేరస్థుణ్ణి తేల్చడం దాని పని కాదు. ఆ మనిషి ఎన్ని తలుపులు తట్టింది, ఏ తలుపు దగ్గర ఏ సమాచారం ఆగిపోయింది, ఇకమీద ఏం మార్చాలి అని చూడడమే దాని ఉద్దేశం. మీ దగ్గర అటువంటి చట్టం ఉన్నా లేకపోయినా, ఆ పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు. బయటి వ్యక్తి ఒకరు నడిపే సమీక్షలో మీరు, ఆ కౌన్సెలర్ సాక్షులుగా కూర్చోవచ్చు. దీనివల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. మీరు వినడానికి ఇష్టపడని ఒకటి రెండు విషయాలు బయటపడవచ్చు. కానీ ఆ సమీక్ష జరగలేదు గనుకనే ప్రతి రాత్రీ ఎర్ర సిరా పెన్నుతో మీరు ఒంటరిగా అదే విచారణ నడుపుతున్నారు, ఇంకా ఏ నేరమూ జరగని కేసుల మీద కూడా.

ఇప్పుడు ఉద్యోగం వదిలి వెళ్లిన ఆ అమ్మాయి అన్న మాట దగ్గరికి వస్తాను. మీరు హింసిస్తున్నారని ఆమె అనలేదు, నేనూ అనడం లేదు. మనుషులు ఎదుటివారి ముఖం చూసి రోజును అంచనా వేసుకునేది ఒకే పరిస్థితిలో. అంచనా వేయడానికి ఆధారపడదగిన వేరే నియమం లేనప్పుడు. ఏ కేసు ప్రమాదకరం, ఎవరు నిర్ణయించాలి, పొరపాటు జరిగితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు మీ సంస్థలో కాగితం మీద జవాబు లేదు. జవాబంతా మీ దగ్గరే ఉంది, అదీ ఆ రోజు మీ మనఃస్థితిని బట్టి ఉంది. హింస ఉన్న ఇంట్లో పెరిగినవారు, అటువంటి వివాహంలో బతికినవారు చెప్పులు విప్పిన తీరును బట్టి, తాళం తిప్పిన చప్పుడును బట్టి సాయంత్రాన్ని ఊహించుకోవడం నేర్చుకుంటారు. మీ సిబ్బందిలో అటువంటి గతం ఉన్నది మీ ఒక్కరికే అని అనుకోకండి.

దీనికి ఇంకో పర్యవసానం ఉంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టినది అదే. అమెరికన్ మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో ట్రామా నుంచి కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించారు. మొదట భద్రత, తర్వాత జరిగినదాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆపైన మామూలు జీవితంతో మళ్లీ ముడిపడడం. వీటన్నిటికీ పునాదిగా ఆమె చెప్పింది, పోగొట్టుకున్న అధికారం బాధితురాలి చేతికి తిరిగి రావడం. ఇప్పుడు మీ సంస్థలో ఒక స్త్రీ "నేను ఈ వారం మా పిన్ని ఇంటికి మారనా?" అని అడిగితే, కౌన్సెలర్ "అక్కను అడిగి చెప్తాను" అంటుంది. పాత ఇంట్లో ఆ స్త్రీ ఎన్నిసార్లు "ఆయన్ని అడిగి చెప్తాను" అని ఉంటుందో ఆలోచించండి. తన నిర్ణయం తాను తీసుకునే స్వేచ్ఛ లేని కౌన్సెలర్ ఆ స్వేచ్ఛను ఎదుటి మనిషికి ఇవ్వలేదు. ఆమెకు ఎంత శిక్షణ ఉన్నా సరే.

ఇది మీ ఒక్కరి లోపం కూడా కాదు. మనోవిశ్లేషకురాలు ఇజబెల్ మెంజీస్ 1960లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, లండన్ ఆసుపత్రిలోని నర్సులు మరణాన్నీ బాధనూ రోజూ దగ్గరగా చూస్తున్నందువల్ల కలిగే ఆందోళనను ఆసుపత్రి వ్యవస్థ ఎలా తట్టుకుంటోందో పరిశీలించారు. ప్రతి నిర్ణయాన్నీ ఒకటికి పదిసార్లు సరిచూడడం, బాధ్యతను పైవాళ్ల మీదికి నెట్టడం, పనిని చిన్న చిన్న ముక్కలు చేసి ఏ నర్సూ ఏ రోగికీ దగ్గర కాకుండా చూడడం ఆమెకు కనిపించాయి. ఆందోళన తగ్గించడానికి పుట్టిన ఆ అలవాట్లే కొత్త ఆందోళనను పుట్టించాయి, శిక్షణలో ఉన్న నర్సులు మధ్యలోనే వదిలి వెళ్లిపోయారు. ముగ్గురు వెళ్లిపోయారని మీరు రాసిన పేజీ చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఇదే.

ఇంకొక సంగతి. ఇతరుల గాయాలను వింటూ పనిచేసేవారిలో వచ్చే మార్పును అమెరికన్ మనస్తత్వవేత్తలు లీసా మెక్‌కాన్, లారీ ఆన్ పెర్ల్‌మన్ 1990లో వర్ణించారు. భద్రత, నమ్మకం, తన చేతిలో ఉన్న శక్తి, మనుషుల విలువ, ఆత్మీయత, వీటి గురించి మనిషికి ఉన్న మౌలిక విశ్వాసాలే క్రమంగా మారిపోతాయని వారు చెప్పారు. మీరు కౌన్సెలర్ల గురించి "ఒక్కరినీ నమ్మలేకపోతున్నాను" అని రాశారు, దాన్ని పై అధికారిగా మీ అంచనా అనుకున్నారు. అది అంచనా కాకుండా గాయం తాలూకు లక్షణం కావచ్చేమో చూడండి. నోట్స్‌లో మీరు ఎర్ర సిరాతో దిద్దినవాటిలో నిజంగా ప్రమాదకరమైన పొరపాట్లు ఎన్ని ఉన్నాయో ఒక నెల లెక్కపెట్టి చూస్తే తేలిపోతుంది.

"అక్కా" అన్న పిలుపు గురించి కూడా ఒక మాట. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది, కాదనను. కానీ అక్క మీద ఫిర్యాదు చేయడానికి నిబంధన ఉండదు, అక్కకు "ఈ రాత్రి నేను ఫోన్ తీయలేను" అని చెప్పడానికి నోరు రాదు, అక్క కూడా "ఇది నా పని కాదు" అనలేదు. పిలుపు మార్చమని చెప్పను. ఆ పిలుపు మోయలేని బరువును మోయడానికి నియమాలు కావాలి, అంతే.

మీ మొదటి ప్రశ్న, తప్పుకోవాలా అన్నది. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది నిజంగానే రాజీనామా చేయడం. దానివల్ల మీ శరీరానికి వెంటనే ఊరట దొరుకుతుంది, అది చిన్న విషయం కాదు. కానీ హత్య, ముగ్గురి నిష్క్రమణ, ఆపైన అధిపతి నిష్క్రమణ ఒకే ఏడాదిలో జరిగితే, మిగిలిన ఆరుగురూ దాన్ని "ఈ పని ఎవరినైనా విరిచేస్తుంది" అని చదువుకుంటారు. మీ తర్వాత వచ్చేవారికి కూడా అదే తలగడ, అదే ఫోన్ మిగులుతాయి, ఎందుకంటే మారినది మనిషే. అయినా వైద్యులు పని నుంచి పూర్తిగా దూరం కావాలని చెబితే, ఈ కారణాల కోసం ఆగవద్దు. మీరు నడిపితేనే సంస్థ నిలుస్తుందన్న మాట ఎవరన్నా నమ్మకండి, పాలకవర్గం అన్నా సరే.

రెండోది, మూడు నెలల సెలవు, ఆ కాలానికి డిప్యూటీకి లిఖితపూర్వకంగా పూర్తి అధికారం ఇవ్వడం. "అవసరమైతే ఫోన్ చేయి" అన్న వాక్యం ఆ కాగితంలో ఉంటే అది సెలవు కాదు. ఆమె మీకు నచ్చని నిర్ణయాలు తీసుకుంటుంది, వాటిలో కొన్ని మీరు తిరిగి వచ్చాక మార్చలేనివై ఉంటాయి. అది భరించగలరేమో ఇప్పుడే చూసుకోండి. సెలవు తర్వాత పాత పద్ధతికే తిరిగి వస్తే మూడు నెలల్లో కూడగట్టుకున్నది మూడు వారాల్లో ఆవిరైపోతుంది.

మూడోది, అదే పదవిలో ఉంటూ దానిలోని పనులను మార్చడం. నా మొగ్గు దీనివైపే, వైద్యులు ఒప్పుకుంటే రెండోదానితో కలిపి. మీరు స్వయంగా చూసే కేసులు క్రమంగా వేరేవారికి అప్పగించాలి, అదీ ప్రతి స్త్రీకీ ముందుగా చెప్పి, ఆమె అంగీకారంతో. ప్రమాద స్థాయిని ఇద్దరు కౌన్సెలర్లు కలిసి, ఒక నిర్దిష్టమైన ప్రమాద అంచనా పత్రం ఆధారంగా నిర్ణయించాలి. మీకు సమాచారం అందుతుంది, అనుమతి అడగరు. తీవ్రమైన కేసుల్లో పోలీసులు, ఆరోగ్య శాఖ, పిల్లల సంక్షేమ శాఖ, ఆశ్రయ కేంద్రాలు ఒకే బల్ల చుట్టూ కూర్చునే పద్ధతి 2003లో కార్డిఫ్‌లో మొదలై బ్రిటన్ అంతటా వ్యాపించింది. ఒక మనిషి ప్రాణం గురించిన ఆందోళన ఒకే తలకాయలో ఉండకూడదన్నదే దాని సారం. రాత్రి ఫోన్ వంతులవారీగా తిరగాలి, ఆ వంతుకు మర్నాడు విశ్రాంతి ఉండాలి. నోట్స్ నెలకొకసారి, కొన్నింటినే, రాసినవారి సమక్షంలో చదవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, జీతం, సెలవు, పదోన్నతులతో ఏ సంబంధమూ లేని బయటి వ్యక్తి దగ్గర కౌన్సెలర్లకు కేసుల గురించీ తమ మీద వాటి ప్రభావం గురించీ మాట్లాడుకునే, క్రమం తప్పని సూపర్‌విజన్ ఉండాలి. మీకు వేరుగా, వేరొకరి దగ్గర ఉండాలి. గాయపడినవారు ఒంటరిగా కోలుకోలేనట్టే, వారితో పనిచేసేవారు ఒంటరిగా పనిచేయలేరని హెర్మన్ ఆనాడే హెచ్చరించారు. దీనికి డబ్బు కావాలి. పాలకవర్గం శిక్షణలకు ఇస్తుంది గానీ సూపర్‌విజన్‌కు ఇవ్వదని మీరు రాశారు. ఒక కౌన్సెలర్ వెళ్లిపోతే కొత్తవారిని వెతికి, నేర్పించి, కుదురుకునేవరకు అయ్యే ఖర్చును ముగ్గురికి లెక్కగట్టి వారి ముందు పెట్టండి. కరుణ గురించిన ఉపన్యాసం కంటే ఆ కాగితం త్వరగా పనిచేస్తుంది.

ఈ మూడో దారిలో మొదటి నెలలు మీకు ఇప్పటికంటే కష్టంగా ఉంటాయి. మీరు చూడని నోట్స్‌లో ఏముందోనన్న భయం పెరుగుతుంది. కొందరు కౌన్సెలర్లు నిర్ణయాలను చేతిలోకి తీసుకోవడానికి ఇష్టపడరు. మిమ్మల్ని అడగడం వారికి కూడా సుఖంగా అలవాటైంది. ఏదో ఒక పొరపాటు జరిగే తీరుతుంది. ఆ పొరపాటు జరిగిన మర్నాడు ఉదయం మీ ముఖం వైపు అందరూ మళ్లీ చూస్తారు. ఆ క్షణం వస్తుందని ముందే వారితో కలిసి మాట్లాడుకోవడం మంచిది.

మరొక లాభం ఉంది, అది మీకు ఇప్పుడు కనబడకపోవచ్చు. పద్నాలుగు పేజీల్లో కోలుకున్న ఒక్క స్త్రీ గురించి కూడా మీరు రాయలేదు. తీవ్రమైన కేసులన్నీ మీరే తీసుకోవడం వల్ల మీరు మొదటి దశను, అంటే ప్రాణభయాన్ని మాత్రమే చూస్తున్నారు. కాస్త కుదుటపడగానే ఆ స్త్రీని మరో కౌన్సెలర్‌కు అప్పగిస్తున్నారు. ఆమె మళ్లీ చదువుకోవడం, నవ్వడం, మీ మీద విసుక్కోవడం వంటి మంచి రోజులన్నీ ఇతరుల వాటాకు పోతున్నాయి. కొలంబియాలో రాజకీయ హింసకు గురైనవారితో పనిచేసే చికిత్సకులను పరిశీలించిన పిలార్ హెర్నాండెజ్, ఆమె సహచరులు 2007లో ఒక సంగతి గమనించారు. బాధితులు నిలదొక్కుకోవడాన్ని దగ్గరగా చూసిన చికిత్సకుల సొంత స్థైర్యం కూడా పెరుగుతోంది. దయచేసి దీన్ని పోస్టరుగా వేసి సిబ్బంది గదిలో అంటించకండి. రెండో దశలోనో మూడో దశలోనో ఉన్న ఒక్క స్త్రీని మాత్రం, ఆమెకు ఇష్టమైతే, మీ దగ్గర ఉంచుకోండి.

మీ గతాన్ని సిబ్బందికి చెప్పడం గురించి. 1971లో లండన్‌లోని చిజిక్‌లో వెలసిన ఆశ్రయ గృహం నుంచి, ఆ దశాబ్దంలో మొదలైన అత్యాచార బాధితుల సహాయ కేంద్రాల వరకు ఈ సేవలు నిలబడింది చాలావరకు హింసను స్వయంగా ఎరిగిన స్త్రీల శ్రమ మీదే. కాబట్టి మీ గతం ఈ పదవికి అనర్హత కాదు. అర్హత కూడా కాదు. చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేం కనుక, చెప్పేముందు అది ఎవరి అవసరమో చూసుకోండి. "నేను ఇలా ఎందుకు ప్రవర్తించానో మీకు అర్థం కావాలి" అన్న ఉద్దేశంతో చెబితే, వాళ్లు మిమ్మల్ని ఓదార్చవలసిన స్థితిలో పడతారు, వారి ఫిర్యాదు గొంతులోనే ఆగిపోతుంది. ఎవరికీ చెప్పకుండా ఉంటే మీరు ఇప్పటిలాగే రెండు ప్రపంచాల్లో బతకాలి, దాని బరువు మీకే తెలుసు. మధ్యేమార్గంగా ముందు మీ చికిత్సకులకూ, సూపర్‌వైజర్‌కూ చెప్పి, ఆరు నెలలు గడిచాక మిగతావారి సంగతి ఆలోచించవచ్చు. అప్పుడు చెప్పినా ఒక వాక్యం చాలు, వివరాలు ఎవరికీ బాకీ లేరు. అయితే క్షమాపణకు ఈ రహస్యంతో పని లేదు. "ఎనిమిది నెలలుగా మీ నిర్ణయాలన్నీ నేను లాక్కున్నాను, అది మీకు కష్టం కలిగించింది" అని రేపే చెప్పవచ్చు, కారణం చెప్పకుండానే.

డిప్యూటీ అడుగుతున్న నెలరోజుల విరామాన్ని మీరు తిరుగుబాటులా తీసుకున్నారు. ఆరుగురు తొమ్మిది మంది పని చేస్తున్న చోట అది సహేతుకమైన కోరిక. పూర్తిగా ఆపేస్తే, ఆ నెలలో వచ్చిన స్త్రీ మళ్లీ రాకపోవచ్చు. ఇల్లు దాటే ధైర్యం నెలనెలా రాదు. ఆపకపోతే నాలుగో కౌన్సెలర్ కూడా వెళ్లవచ్చు, అప్పుడు మూతపడేది నెలరోజులు కాదు. రెంటి మధ్య ఇంకొకటి ఉంది. వచ్చిన ప్రతి ఒక్కరి ప్రమాద స్థాయిని అదే రోజు చూసి, భద్రతా ప్రణాళిక వేసి, దీర్ఘకాలిక కౌన్సెలింగ్‌ను మాత్రం ఆరు వారాలు వాయిదా వేయడం. "ఇప్పుడు ఇంతవరకు చేయగలం, మిగతాది ఫలానా తేదీ తర్వాత" అని నిజం చెప్పి, వెంటనే కావలసినవారిని ఇతర సేవలకు పంపడం. ఏది ఎంచుకున్నా, నిర్ణయం డిప్యూటీని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకోండి. ఆమె భయపడుతూనే మీకు ఎదురు చెప్పింది. మీ సంస్థలో ఇప్పుడు ఆ పని చేయగలిగింది ఆమె ఒక్కరే.

చివరగా, వెళ్లిపోయిన అమ్మాయి. ఫోన్ కంటే చిన్న సందేశం మేలనుకుంటాను. ఫోన్ మోగితే ఎత్తాలో వద్దో అప్పటికప్పుడు తేల్చుకోవాలి, సందేశానికి ఆ ఒత్తిడి లేదు. తిరిగి రమ్మని అడగకండి, హత్య సంగతి గానీ మీ నిద్ర సంగతి గానీ రాయకండి. ఆ రోజు ఆమె అన్న మాట విన్నానని, అది నిజమని, ఆ రెండేళ్లలో తనకు ఎదురైనదాన్ని చెప్పాలనుకుంటే వింటానని, చెప్పకపోయినా తప్పు లేదని రాయండి. ఇంకో ఉద్యోగానికి ఆమెకు సిఫారసు లేఖ కావలసి రావచ్చు, అందుకోసం అడగవలసిన అవసరం రాకుండా దాన్ని ముందే రాసి ఆ సందేశానికి జతచేయండి. జవాబు రాకపోతే రెండోసారి రాయకండి.